పాఠశాల ఆవరణలో రక్షణ కందకములు

1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణము, కాకినాడలపై బాంబులు విడిచినపుడు ఆకాశమునుండి వచ్చు అపాయమెట్టిదో మన తీరవాసులు ఎరిగిరి. బడిలోనున్న పిల్లలను అట్టి అపాయమునుండి కాపాడుట యెట్లు? ఈ ప్రశ్నకు బ్రిటను దేశము వెదకిన సమాధానమును నేడు మనవి చేయదలచితిమి.

1917 జూన్ 13వ తేదీననే లండను నగరమందలి పోప్లరు ప్రాంతమున ఒక బడిపై జర్మను బాంబు పడి 18 మంది పసివారు మరణించిరి. 1939 సెప్టెంబరులో మరల యుద్ధము రాగానే నగరముల పిల్లలను లక్షల సంఖ్యలో పల్లెలకు పంపి, అచ్చటి బడులను మూసివేసిరి. కాని కొన్ని మాసములవరకు బాంబులు పడకపోవుటచే పలువురు పిల్లలు ఇండ్లకు తిరిగివచ్చిరి. బడులు తెరువక తప్పలేదు. అపుడొక నియమము వెలసినది: రక్షణ స్థలమున ఎందరికి చోటు కలదో అందరినే ఒక్కసారి బడికి రానిచ్చుట. చోటు చాలనిచోట పిల్లలు పూటకు కొందరు చొప్పున చదివిరి.

ఆటస్థలములలో త్రవ్విన కందకములకు కాంక్రీటు పలకలు కూర్చి, పైన మట్టి కప్పిరి. కందకమును తిన్నగా గాక వంకరలుగా త్రవ్వుటకు కారణము కలదు. ఒకచోట బాంబు ప్రేలినచో ఆ విసురు మూలలయొద్ద తగ్గి, తక్కిన భాగములలోనివారికి హాని తక్కువయగును. లోపల గోడల వెంబడి బల్లలు, మసక దీపము, తెరచాటున మరుగుదొడ్డి, రెండవ కొసను అత్యవసర ద్వారము ఉండెడివి. చెమ్మయు చలియు సరేసరి. ఉపాధ్యాయులు అచ్చటనే ఎక్కములు చెప్పించిరి. పాటలు పాడించి పిల్లల భయము మరపించిరి.

అయినను 1943 జనవరి 20వ తేదీ మధ్యాహ్నము లండనులోని శాండ్‌హర్స్ట్ రోడ్డు పాఠశాలపై ఒక జర్మను విమానము బాంబు విడిచెను. అది పిల్లలు భోజనము చేయు వేళ. సైరను సకాలమున మ్రోగలేదు. 38 మంది పిల్లలు, 6గురు ఉపాధ్యాయులు ప్రాణములు కోల్పోయిరి. కందకమెంత దృఢమైనను, దానిని చేరుకొను వ్యవధి లేనిచో అది అక్కరకు రాదు.

ఈ మాట గతించిన కాలమునకే పరిమితము కాలేదు. యుక్రెయిను దేశమందలి ఖార్కివ్ నగరము రష్యా సరిహద్దునకు మిక్కిలి చేరువ; క్షిపణి వచ్చిపడుటకు పట్టు కాలము అత్యల్పము. అందుచే 2023లో అచ్చటివారు భూగర్భ రైలు స్టేషనులలోనే తరగతులు నెలకొల్పిరి. పిల్లలను కందకమునకు పరుగెత్తించుటకు మారుగా బడినే భూమిలోనికి దింపిరన్నమాట.

బ్రిటనులో కొన్ని బడుల ఆటస్థలముల క్రింద ఆనాటి కందకములు నేటికిని ఉన్నవి. కొన్నింటిని తెరచి పిల్లలకు చరిత్ర పాఠముగా చూపుచున్నారు. వానిలో దిగి చూచు పిల్లలకు అవి చరిత్రగానే మిగిలిపోవుగాక యని మా ఆకాంక్ష.