చెరువు నీటినుండి ఉప్పునీటికి
(కట్టంగూర్‌లో పంచాయతీ సభ్యుల యెదుట చేసిన ప్రసంగ పాఠము)



మీ మండలము మీదుగా పోవుచున్న 65వ నెంబరు జాతీయ రహదారిని పట్టుకొని తూర్పునకు సాగినచో నకిరేకల్, సూర్యాపేట, విజయవాడ దాటి చివరకు మచిలీపట్నము చేరుదుము. అక్కడ రహదారి ముగిసి సముద్రము మొదలగును. వానలు లేక చెరువు శిఖమంతయు నెఱ్ఱెలు విచ్చిన సంవత్సరమున, వల భుజాన వేసికొని ఇంట కూర్చున్న యువకునికి ఆ దారిమీద చూపు పోవుట సహజము. నీరెక్కడనైనను నీరే గదా, వల యెక్కడనైనను వలయే గదా అని అతడు తలచును. తలచి, చిన్న పడవ కొనుటకు అప్పు కావలెనని, సిఫారసు వ్రాసి యిండని మీ వద్దకు వచ్చును. అపుడు మీరు అతనిని ఏమేమి ప్రశ్నింపవలెనో చెప్పుటకే నేను వచ్చితిని. వలదని చెప్పి పంపుడని నా యభిప్రాయము కాదు. తెలిసికొని పోనిండని మాత్రమే నేను కోరునది.

మొదట అతనికి తెలిసినదేమో చూతము. మన ముదిరాజులకు, గంగపుత్రులకు చెరువు ఇంటి పెరడు వంటిది. సంఘమువారే పిల్లచేపను తెచ్చి విడుతురు. బొచ్చె, రవ్వ పెరిగిన పిమ్మట వారే పట్టుదురు. చేప మత్తడి దాటి పోకుండ జాలి కట్టుదురు. ఎక్కడ లోతు, ఎక్కడ తుమ్మమోడు, ఎక్కడ బండ, అన్నియు కాలికే తెలియును. పుట్టియో, థర్మాకోల్ తెప్పయో, గాలి నింపిన ట్యూబో చాలును. గాలివాన వచ్చినను పడవ యేదో ఒక గట్టునకే కొట్టుకొనిపోవును. తలయెత్తి చూచినచో కట్ట, తూము, గుడి కనబడుచుండును.

సముద్రమున ఇవి యేవియు లేవు. చేపను ఎవరును విడువలేదు. అది యెవరి సొత్తును కాదు. రేపు ఎక్కడ నుండునో నియమము లేదు. గట్టు ఒకవైపే యుండును, అదియు త్వరలో కనుమరుగగును. చిన్న పడవలో కూర్చున్నవాని కన్ను నీటికి ఒక మీటరు ఎత్తున నుండును. ఆ యెత్తునుండి చూచువానికి సుమారు మూడున్నర కిలోమీటర్ల దూరమునకే నీటి అంచు ముగియును. కృష్ణా సముద్రమున కలియు ప్రాంతమంతయు పల్లపు నేల; కొండ యన్నది లేదు. కాబట్టి ఆ దూరము దాటగానే ఇసుక తీరము మాయమై తాటితలలు మాత్రము మిగులును. మరికొంత పోగా అవియు మునుగును. అందుచేతనే తీరపు జాలరి ఒడ్డుననున్న దీపస్తంభమును, ఒక చెట్టును లేక గోపురమును ఒకే వరుసలోనికి తెచ్చి చూచి తానున్న తావును గుర్తించును. నేడు చేతిలో జి.పి.యస్. యంత్రమున్నది. అయినను బ్యాటరీ అయిపోయిన రాత్రి ఆ పాతవిద్యయే దిక్కు.

ఇక ఆటుపోట్లు. చెరువులో నీరు వానకు పెరుగును, పారకమునకు తగ్గును. సముద్రము మన తూర్పు తీరమున దినమునకు రెండు మారులు పొంగి రెండు మారులు తీయును. ఒక పోటునకును మరియొక పోటునకును నడుమ సుమారు పన్నెండు గంటల ఇరువదియైదు నిమిషములు పట్టును. కావున నేటి పోటు రేపు దాదాపు ఏబది నిమిషములు ఆలస్యముగ వచ్చును. అమావాస్యకు, పున్నమికి పోటు హెచ్చు. పంచాంగము చూచి పొలము దున్నువానికి ఈ లెక్క కష్టము కాదు. అసలు కష్టము ఏటి మొగ వద్ద నున్నది. ఏటినీరు పాటుతో కలిసి సముద్రములోనికి తోయుచుండగా, ఎదురుగాలి అలను లోపలికి నెట్టినచో, ఆ రెండింటి నడుమ అల పొట్టిగా, నిట్టనిలువుగా లేచును. చిన్న పడవ తలక్రిందులగునది నడిసముద్రమున కంటె ఇట్టి మొగ వద్దనే హెచ్చు. అచ్చటి జాలరి పోటునకు గంటల తరబడి వేచియుండుటను చూచి సోమరితనమని తలపరాదు.

గాలికిని వేళ కలదు. పగలు నేల వేడెక్కి గాలి సముద్రమునుండి ఒడ్డునకు వీచును. రాత్రి తిరుగబడి ఒడ్డునుండి సముద్రమునకు వీచును. తెరచాప కాలమున తీరపువారు తెల్లవారక మునుపే నేలగాలితో బయలుదేరి మధ్యాహ్నపు సముద్రపు గాలితో మరలి వచ్చెడివారు. ఇంజను వచ్చిన పిదప ఈ వేళ తప్పినను సాగుచున్నది, ఇంజను నడిచినంతవరకు.

పడవ సంగతి చెప్పెదను. మన కృష్ణలో తిరుగు పుట్టి వెదురుబుట్ట వంటిది, గుండ్రనిది, దానికి ముక్కు లేదు. నిలువనీటికి అది మంచిదే, కాని అలను చీల్చుటకు పనికిరాదు. తీరమువారి పాత తెప్ప దుంగలను త్రాటితో కట్టినది. అల మీదికెక్కినను నీరు సందులలోనుండి జారిపోవును కాని నిలువదు, కావున మునుగదు. ఇంగ్లీషువారు మసూలా అని పిలిచిన పడవకు మేకులే యుండెడివి కావు. పలకలను కొబ్బరి పీచు త్రాటితో కుట్టెడివారు. ఇసుకకు కొట్టుకొన్నపుడు అది విరుగక కొంత వంగెడిది. నేడు వాటి స్థానమున ఫైబరు తెప్పలు, వాటి వెనుక తగిలించు ఇంజనులు వచ్చినవి. ఉప్పునీరు మంచినీటికంటె లీటరునకు సుమారు ఇరువదియైదు గ్రాములు బరువు. కావున అందులో పడవ కొంచెము పైకి తేలును. చెరువునుండి వచ్చినవాడు దానిని చూచి ఇంకొక రెండు బుట్టలు వేయవచ్చునని మోసపోవును.

ఉప్పు ఇనుమును తినును. ఇంజనును ప్రతిదినము మంచినీటితో కడుగకున్న కొలది నెలలకే మూలపడును. కొయ్యను తొలుచు పురుగు సముద్రమున గలదు, చెరువులో లేదు. లంగరుగా మన రాయి చాలదు. కొక్కెముల లంగరు కావలెను, దాని త్రాడు లోతునకు అయిదింతలైనను ఉండవలెను. అప్పు కాగితములో పడవ వెల, ఇంజను వెల మాత్రమే వ్రాసికొని వచ్చినవాడు సగము లెక్కయే తెచ్చినాడని తెలిసికొనుడు. నూనె, త్రాళ్ళు, మంచు, త్రాగునీరు, మరమ్మతులు మిగిలిన సగము. త్రాగునీరన్న మాటకు నవ్వవలదు. చెరువులో దప్పిక గొన్నవాడు దోసిలి పట్టును. సముద్రమున చుట్టును నీరుండియు గొంతు తడుపుకొనరాదు.

మన కృష్ణ జలాశయముల వద్ద ఇదే ప్రయాణము తిరుగుముఖముగా జరిగినది. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు విడిచిరి; శ్రీశైలము తరువాత నిండినది. ఉత్తర కోస్తా తీరపు జాలరి కుటుంబములు తమ తెప్పలతో, వలలతో వచ్చి ఈ జలాశయముల యొడ్డున గుడిసెలు వేసికొనిరి. లోతునీటిలో వల వేయుటలో వారి నేర్పు గొప్పది. దానిని మనవారు చూచి నేర్చుకొనదగును. కాని కొల్లాపురము వైపు అలివి వలల మీద తగవులును వచ్చినవి. ఆ వల కన్నులు మిక్కిలి చిన్నవి; పిల్లచేపను సైతము ఊడ్చుకొనిపోవును. స్థానికులు అభ్యంతరము చెప్పిరి. ఇది యెందుకు చెప్పుచున్నాననగా, రేపు మన పిల్లవాడు తీరమునకు పోయినపుడు అక్కడ అతడే పరాయివాడు. సముద్రము ఎవరిదియు కాకున్నను పడవను లాగి నిలుపు ఇసుకతిన్నె ఒక పల్లెవారిది. ఏ వల, ఏ కాలమున, ఎంత దూరమున వేయవలెనో వారి పెద్దల కట్టుబాటు కలదు. ఆ పెద్దలను అడుగక పడవ దింపినవాడు ఒక్కనాడైనను నెగ్గలేడు.

సర్కారు కట్టుబాటును కలదు. తూర్పు తీరమున ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు ఇంజను పడవల వేట నిషేధము. తెలంగాణమునకు తీరము లేదు గనుక పడవ నమోదు తీరరాష్ట్రమునందే జరుగవలెను. కాగితములు లేని పడవ అప్పునకు మీరు పూచీ పడవలదు. దూరపు ఓడరేవులకు కూలిగా పోవువారి సంగతియు ఆలోచింపుడు. 2018 నవంబరులో గుజరాతు తీరమునుండి వేటకు పోయిన పడవలలోని ఆంధ్ర జాలరులు పాకిస్తాను వారికి పట్టుబడి, 2020 జనవరిలో గాని ఇల్లు చేరలేదు. నీటిమీద సరిహద్దు రాయి యుండదు గదా!

తుఫాను మాట చివరకు ఉంచితిని. 1864లో మచిలీపట్నమును, 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినది. దివిసీమలో పదివేల ప్రాణములు పోయినవి. 1996 నవంబరు 6న గోదావరి ముఖద్వారపు పల్లెలమీద తుఫాను పడినపుడు, వేటమీద నున్న జాలరులు అనేకులు మరల రాలేదు. వారు అలను ఎరుగనివారు కారు. తరతరములుగా సముద్రముమీద బ్రతికినవారు. ఆనాటికంటె నేడు హెచ్చరిక త్వరగా అందుచున్నది. 1999లో ఏర్పడిన భారత జాతీయ మహాసముద్ర సమాచార కేంద్రము మన హైదరాబాదు ప్రగతినగరులోనే కలదు. చేపలుండు తావుల సూచనలు, అలల యెత్తు, గాలివేగము అది జాలరులకు తెలుపుచున్నది. సముద్రము లేని పట్టణమునుండి సముద్రపు వార్త పోవుట వింతయే, అయినను ఉపయోగకరము.

కాబట్టి మీ వద్దకు వచ్చిన యువకునితో ఇట్లు చెప్పుడు. మొదట ఒక సంవత్సరము సాగరు జలాశయమున పెద్దనీటిని, గాలిని ఎరుగుము. పిదప నాగాయలంక వైపు ఏటిపాయలలో ఉప్పు తగులు నీటిలో వల వేయుము. అటు పిమ్మట గిలకలదిండి వంటి రేవులో, అచ్చటి వాని పడవమీద కూలిగా, నాలుగు ఋతువులు తిరుగుము. సొంత పడవ మాట అప్పుడు ఎత్తుము. గోదావరికి ఎదురెక్కు పులస సైతము మొగ దాటి మెల్లగా నీరు మార్చుకొని వచ్చును. బొచ్చెను ఒక్క పెట్టున ఉప్పునీటిలో వేసినచో బ్రతుకదు.

సిఫారసు వ్రాయునపుడు పడవలో ఎందరు ఎక్కుదురో అన్ని ప్రాణరక్షక చొక్కాలు ఆ అప్పులోనే కొనునట్లు వ్రాయుడు. ప్రమాద భీమాలో పేరున్నదో లేదో చూడుడు. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన క్రింద వేటలో మరణించిన వాని కుటుంబమునకు 5 లక్షల రూపాయల వరకు వచ్చును, పేరు ముందే నమోదై యుండినచో. పోవువాని పేరు, రేవు పేరు, పడవ యజమాని ఫోను నెంబరు పంచాయతీ పుస్తకమున నుంచుడు. తీరరక్షక దళము నెంబరు 1554. దానిని అతని చేతను, అతని ఇంటివారి చేతను కంఠస్థము చేయింపుడు.