కట్టడములు – ఊరుమ్మడి చెట్లు



మన కర్నూలు జిల్లాలోని ఎఱ్ఱగుడి బండపై క్రీస్తుపూర్వము 3వ శతాబ్దమున అశోకుడు చెక్కించిన శాసనములలో, మనుష్యులకును పశువులకును ఉపయుక్తముగా బాటల వెంబడి బావులు త్రవ్వించి చెట్లు నాటించితినని యున్నది. ఆ చక్రవర్తి చెట్టును బావితో సమముగా నెంచెను. మనమో, క్రొత్త కట్టడమునకు ముగ్గు పోసిననాడే గొడ్డలి వెదకుచున్నాము.

2002 నాటి జల, భూమి, వృక్ష చట్టము ప్రకారము అనుమతి లేక ఊరి చెట్టు కొట్టరాదు. కొట్టినచో బదులు నాటవలెను. కాని చట్టము నీరు పోయదు. వానలు తక్కువయగు మన గోనెగండ్ల సీమలో మొక్క తనంత బ్రతుకదు. ముదురు వేపకు నిన్నటి మొక్క సాటియు కాదు.

కనుక గోడను జరుపగలిగినచో గోడనే జరుపుదము. తప్పనిచో, పునాది తీయుటకు ముందే మొక్కలు నాటి, ముండ్లకంప కట్టి, మూడు వేసవులు నీరు పోయుదము. పుస్తకముల లెక్కవలెనే ఆ మొక్కల లెక్కయు ఏటేట ఈ గ్రంథాలయ సభలో చదివింపవలెనని నా ప్రార్థన.