కోడలు కట్టించిన బడి



ఈ రోజు మీకు ఒక కోడలి సంగతి చెబుతాను. కట్టుకథ కాదు, చరిత్రలో జరిగిందే. ఆమె పేరు సోర్ఖక్తానీ. నోరు తిరగడం లేదా? సోర్ - ఖక్ - తానీ. విడదీసి చదవండి, వచ్చేస్తుంది.

హిమాలయాలు దాటి, చైనాకు పైన మంగోలియా ఉంది. అంతా గడ్డి నేల. గుర్రాలు, గొర్రెలు, గుడారాలు. 800 ఏళ్ల కిందట చెంఘిజ్ ఖాన్ అక్కడి తెగలన్నిటినీ ఒక్కటి చేశాడు. పేరులో ఖాన్ ఉంది కదా అని చాలామంది ఆయన్ని ముస్లిం అనుకుంటారు. కాదు. ఖాన్ అంటే వాళ్ల భాషలో రాజు. వాళ్లు ఆకాశాన్ని దేవుడిగా కొలిచేవాళ్లు.

1220లో ఆయన సైన్యం బుఖారా మీద పడింది. ఆ ఊరు ఇప్పటి ఉజ్బెకిస్తాన్‌లో ఉంది. పెద్ద మసీదులోకి గుర్రాలను తోలారు. ఖురాన్లు దాచే పెట్టెల్లో వాటికి దాణా పోశారు. జువైనీ అనే పండితుడు ఇదంతా రాసిపెట్టాడు. ఊరు తగలబడింది.

సోర్ఖక్తానీ ఆ చెంఘిజ్ చిన్న కొడుకు భార్య. ఆమె క్రైస్తవురాలు. 1232లో భర్త చనిపోయాడు. అప్పటి ఖాన్ తన కొడుకుని పెళ్లి చేసుకోమని ఆమెకు కబురు పంపాడు. ఖాన్ మాట కాదంటే ప్రాణానికే ముప్పు. పిల్లల్ని పెంచుకోవాలి, వాళ్లు పెద్దవాళ్లయ్యేదాకా వేరే ఆలోచన లేదని చెప్పి ఆమె నేర్పుగా తప్పించుకుంది. నలుగురు కొడుకులు ఆమెకు. పెద్దవాడు మోంగ్కే 1251లో ఖాన్ అయ్యాడు.

ఈమె బుఖారాలో ముస్లింలు చదువుకునే మదరసా కట్టించింది. వెయ్యి వెండి కడ్డీలు ఇచ్చింది. బడి ఖర్చుల కోసం ఊళ్లు కొని రాసిచ్చింది. మామ సైన్యం తగలబెట్టిన ఊళ్లో, తన మతం కాని వాళ్లకు!

మంగోలులంతా ఇంత మంచివాళ్లేనా అంటారేమో. అందరిదీ దయ అనుకోకండి, లెక్క కూడా ఉంది. జయించిన దేశాలు ఎన్నో, మతాలు ఎన్నో. అందరితో గొడవ పెట్టుకుంటే రాజ్యం సాగదు. అందుకని పూజారులకు, సన్యాసులకు, ముల్లాలకు పన్ను ఎత్తేశారు. బదులుగా వాళ్లు ఖాన్ బాగుండాలని ప్రార్థించాలి.

1254లో మోంగ్కే ఒక వాదం పెట్టించాడు. క్రైస్తవులు, ముస్లింలు, బౌద్ధులు ఎదురెదురుగా కూర్చున్నారు. ఎవరి దేవుడు గొప్ప? తగువు పెట్టుకునే మాట అన్నవాడికి మరణశిక్ష అని ముందే చెప్పారు. యూరప్ నుంచి వచ్చిన విలియం అనే సన్యాసి కూడా వాదించాడు. చివరికి ఎవరూ మతం మారలేదు. అందరూ కలిసి తెగ తాగారు!

కానీ నాలుగేళ్లకే, 1258లో, మోంగ్కే తమ్ముడు హులాగు బాగ్దాదు మీద పడ్డాడు. ముస్లింల ఖలీఫాను చంపించాడు. వీధుల్లో శవాలు గుట్టలు పడ్డాయి. హులాగు భార్య దోకుజ్ క్రైస్తవురాలు. ఆ ఊరి క్రైస్తవులు బతికిపోయారు. ఖలీఫా చేసిన తప్పు ముస్లిం కావడం కాదు, లొంగకపోవడం. ఏ దేవుడికి మొక్కినా సరే, ఖాన్‌కు మాత్రం తల వంచాల్సిందే.

ఇంకో తమ్ముడు కుబ్లాయ్ చైనాను ఏలాడు. అదే కాలంలో మన ఓరుగల్లులో రుద్రమదేవి ఏలుతోంది. కుబ్లాయ్ ఒక దశలో వంటింటి దాకా వచ్చాడు. ముస్లింలు మేక గొంతు కోసి నెత్తురు వదిలేస్తారు. మంగోలులు నెత్తురు నేల మీద పడనివ్వరు. మా పద్ధతిలోనే కొయ్యాలి, లేకపోతే శిక్ష అన్నాడు. ముస్లిం వ్యాపారులు రావడం మానేశారు. సుంకం పడిపోయింది. కొన్నేళ్లకు ఆ ఉత్తర్వు తీసేశారు. వ్యాపారుల చేతిలో డబ్బుంది కాబట్టి ఖాన్ విన్నాడు. అది లేని పేదవాడి మాట వినేవాడా?

1295లో ఇరాన్ గద్దె ఎక్కినవాడు గజాన్. సోర్ఖక్తానీ మునిమనవడికి కొడుకు. బౌద్ధుడిగా పెరిగి, ముస్లిం అయ్యాడు. తన తాతతండ్రుల అండతో వెలసిన బౌద్ధ గుళ్లను కూల్చమని ఆజ్ఞ ఇచ్చాడు. ఆ గుళ్లలోని భిక్షువులు కొందరు మతం మారారు. మిగిలినవాళ్లను కాశ్మీరుకో టిబెట్టుకో వెళ్లిపొమ్మన్నాడు.