డిక్రీ వచ్చింది, ఎకరం రాలేదు
(మండల సమాఖ్య సర్వసభ్య సమావేశంలో సోషల్ యాక్షన్ కమిటీ తరఫున చేసిన ప్రసంగం)



పొదుపు లెక్కలు, రికవరీ లెక్కలు ఇప్పటిదాకా విన్నారు. మా కమిటీ తరఫున మేము ఒక్క విషయమే చెబుతాం. అది కూడా మన పొరపాటుతోనే మొదలుపెడతాం.

మన సభ్యురాలు ఒకామె. పేరు చెప్పొద్దంది. ఆమె తండ్రి తన కష్టంతో కొన్న మూడెకరాల మాగాణి, ఒక పెంకుటిల్లు వదిలి, వీలునామా రాయకుండానే పోయారు. తర్వాత తల్లీ పోయింది. ఇద్దరన్నలు, ఈమె. లెక్కప్రకారం తలా ఎకరం. "నీ పెళ్ళికి కట్నం ఇచ్చాం, ఇంకా వాటా ఏంటి?" అన్నారు అన్నలు. పెద్దమనుషులదీ అదే మాట. కట్నం ఇచ్చినంత మాత్రాన వాటా పోదు. ఆమె కోర్టులో భాగపంపిణీ దావా వేసింది. మూడో వంతు ఆమెదేనని డిక్రీ వచ్చింది. ఆ రోజు మనం చప్పట్లు కొట్టాం, మిఠాయి పంచాం. ఆమె ఆ కాగితం పెట్టెలో దాచుకుంది.

ఆ తర్వాత ఆరేళ్ళు ఆమె మన సంఘంలోనే అప్పు తీసుకుని వేరేవాళ్ళ పొలం కౌలుకు చేసింది. సొంత ఎకరం అన్నల సాగులోనే ఉండిపోయింది. ఆ అప్పు తీర్మానం మీద సంతకాలు పెట్టింది మనమే. "నీ ఎకరం ఏమైందమ్మా?" అని ఒక్కరం అడగలేదు.

ఒకరోజు ఎవరో బేరానికి వచ్చి పొలం కొలుస్తున్నారని తెలిసి, పరుగెత్తుకుంటూ మా దగ్గరికొచ్చింది. మండల న్యాయ సేవాధికార కమిటీకి తీసుకెళ్ళాం. ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా అక్కడ వకీలును ఉచితంగా ఇస్తారు. ఆ వకీలు గారు కాగితం చూసి, ఇది ప్రాథమిక డిక్రీ మాత్రమే, పని సగమే అయింది అన్నారు.

ఇది అందరం గుర్తుపెట్టుకోవాలి. ఎవరికి ఎంత అని చెప్పేది ప్రాథమిక డిక్రీ. ఏ గట్టు నుంచి ఏ గట్టు దాకా ఎవరిది అని చెప్పేది తుది డిక్రీ. దానికోసం మళ్ళీ కోర్టును అడగాలి. ప్రాథమిక డిక్రీతో ఆగిపోకుండా కేసును ముందుకు నడపాలని 2022లో సుప్రీంకోర్టు కింది కోర్టులకు చెప్పింది. అయినా మన వాయిదా ఏ రోజో మనమే కనుక్కోవాలి.

ఆమె కేసులో కోర్టు కమిషనర్‌ని వేసింది. సర్వేయరుతో కొలిపించి, నీటి బోదె, బండి దారి చూసి మూడు భాగాలు చేశారు. బోదె లేని చివరి ముక్క ఆమెకి అంటగట్టబోతే అభ్యంతరం రాసిచ్చాం. అందుకే కొలత రోజు తప్పకుండా పొలంలో ఉండాలి. తుది డిక్రీని స్టాంపు కాగితాల మీద రాయించుకోవాలి. అప్పటికీ భూమి వదలకపోతే ఈపీ వేసి, కోర్టు అమీను ద్వారా స్వాధీనం తీసుకోవాలి. ఆ తర్వాత తహసీల్దార్ ఆఫీసులో పేరు మార్పించుకోవాలి. దావా నడుస్తుండగా ఎవరైనా కొన్నా, వాళ్ళు కూడా కోర్టు తీర్పుకి లోబడాల్సిందే.

ఇల్లు ముక్కలు చేస్తే ఎవరికీ పనికిరాదు. అలాంటప్పుడు సగం, అంతకుమించి వాటా ఉన్నవాళ్ళు అడిగితే కోర్టు అమ్మించి డబ్బు పంచవచ్చు. మిగతా వాటాదారు ధర కట్టించుకుని తానే కొనుక్కోవచ్చు. 1893 నాటి చట్టం అది. ఇక్కడ పెద్దన్న ఇల్లు ఉంచుకుని, మిగతా ఇద్దరికీ డబ్బిచ్చాడు.

ఇవన్నీ పడలేమనుకుంటే లోక్ అదాలత్ ఉంది. తోబుట్టువులు ఒప్పుకుంటే అక్కడిచ్చే అవార్డు డిక్రీతో సమానం. అప్పీలు ఉండదు, దావాకు కట్టిన కోర్టు ఫీజు తిరిగొస్తుంది.

మరి మనకి వాటా ఉందా అంటారా? తండ్రి సొంతార్జితం వీలునామా లేకుండా మిగిలితే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం 1956 నుంచే కూతురికి కొడుకుతో సమానం. పిత్రార్జితంలో 2005 సవరణ కూతురికి పుట్టుకతోనే హక్కిచ్చింది. ఆ సవరణనాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరయిన పంపకాన్ని తిరగదోడలేం. "ఒక్క సంతకం పెట్టమ్మా" అని తెచ్చే కాగితాల్లో హక్కు విడుదల పత్రం ఉండొచ్చు. చదివించుకోకుండా వేలిముద్ర వెయ్యొద్దు.

ఈ సార్వాకి ఆమె తన ఎకరంలో తనే నాట్లు వేయించింది. చిన్నన్న సంక్రాంతికి పిలిచాడు. పెద్దన్న ఇంకా మాట్లాడటం లేదు. ఆ బాధ ఆమెకుంది, అది మేము దాచం. కానీ కౌలు కట్టడం మానేసింది.

ఈ ఏడాది ప్రతి గ్రామ సంఘం ఒక పని చెయ్యాలి. ఎవరి పెట్టెలోనైనా డిక్రీ కాగితం ఉంటే బయటికి తియ్యండి. అది ప్రాథమికమా, తుదిదా చదివించండి. మా కమిటీ వాళ్ళం మీ వెంట కోర్టు దాకా వస్తాం.