పసిపిల్లలకు పొలమే తొలి బడి

(భావనపాడు రైతుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



పంటల సంగతి మాట్లాడు ఈ సభలో పసిపిల్లల సంగతి ఎత్తుట మీకు వింతగా తోచవచ్చును. కాని ఈ రెండింటికిని దగ్గర సంబంధము కలదు. పైరుకు హానిచేయు పేనుబంకను, ఆ పేనుబంకను తిని మనకు మేలుచేయు అక్షింతల పురుగును వేరుగా గుర్తింపలేని రైతు రెండింటిపైనను ఒకే మందు చల్లును. పురుగును చూచి పోల్చుకొను నేర్పు ముప్పదియేండ్ల వయసున ఒక్క ఉపన్యాసము వినగానే రాదు. ఐదారేండ్ల వయసున ఆకు తిరుగవేసి చూచు అలవాటైనవానికే అది సులభముగా అబ్బును.

"మా గుంటలు పొలం గట్ల మీదే పెరుగుతున్నారు కదా, వాళ్ళకు వేరే పాఠమెందుకు?" అని మీరు అడుగవచ్చును. ఒకప్పుడు ఆ మాట నిజమే. ఇప్పుడు చాలా ఇండ్లలో ఉదయమే బడి బండి వచ్చి పిల్లలను తీసికొనిపోవును. వారు సాయంత్రము ఇల్లు చేరి సెల్‌ఫోను ముందు కూర్చుందురు. పుస్తకములో ఆపిల్ బొమ్మను గుర్తుపట్టు పిల్లవాడు పెరటిలోని జీడిచెట్టు పూతను గుర్తుపట్టలేకున్నాడు. పొలము పక్కనే ఉండియు వారికి దూరమైనది.

దీనికి ఖర్చుతో పని లేదు. మూడు మొదలు ఎనిమిదేండ్ల లోపు పిల్లలను ఎనిమిది, పదిమందిని ఒక జట్టుగా చేయవలెను. ఇద్దరు పెద్దలు తోడుండవలెను. అందులో ఒకరు ఊరి చెట్టూచేమా ఎరిగిన అవ్వ గాని తాత గాని అయిన మరీ మేలు. వారమునకొకనాడు, ఎండ ముదరకముందు గంటసేపు చాలును. ఒంటరిగా భయపడు పిల్లవాడు జట్టులో ధైర్యముగా చేయి చాపును. ఒకడు చూడనిది మరొకడు చూచి చూపించును. అంగన్‌వాడీ కార్యకర్తను, బడి పంతులుగారిని కలుపుకొనుడు. 1975 అక్టోబరు 2న ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకములో ఆహారముతోపాటు బడికి ముందరి చదువును ఒక భాగమే గనుక ఇది వారి పనికి అడ్డు కాదు, సాయమే.

ఇక చేయవలసిన పనులు చెప్పెదను.

మొదటిది, మూడు చిప్పల పని. మూడు కొబ్బరిచిప్పలకు అడుగున చిన్న కన్నము చేయుడు. ఒకదానిలో సముద్రపుటొడ్డు ఇసుక, ఒకదానిలో మంచి పొలము మన్ను, ఒకదానిలో ఉప్పుమడుల దగ్గరి చవుడు మన్ను పిల్లలచేతనే నింపించుడు. ఒక్కొక్కదానిలో ఐదేసి పెసలు నాటించి సమముగా మంచినీరు పోయించుడు. ఏది ముందు మొలచునో ముందుగా మీరు చెప్పవద్దు, వారినే ఊహింపనిండు. మంచి మన్నులో మూడు నాలుగు దినములలో మొలక కనబడును. ఇసుకలో మొలచినను నీరు నిలువక, బలము చాలక మొక్క త్వరగా వాడును. చవుటిలో మొలక ఆలస్యమగును, లేదా అసలే రాదు. మన్నులో ఉప్పు ఎక్కువైనప్పుడు గింజ నీటిని పీల్చుకొనజాలదు. నౌపడ ఉప్పుమడుల చెంత బ్రతుకు పిల్లలకు ఇంతకంటె మంచి నేల పాఠము లేదు.

రెండవది, గట్టుమీద లెక్క. వరి పిలకలు వేయునాటికి పిల్లలను గట్టుమీద పది నిమిషములు కదలక కూర్చుండబెట్టుడు. తూనీగలెన్ని, సాలీళ్ళెన్ని, అక్షింతల పురుగులెన్ని అని వ్రేళ్ళపై లెక్కింపనిండు. సాలీడు సుడిదోమను పట్టి తినునని అప్పుడు చెప్పుడు. మందు కొట్టిన చేనిలోనికి మాత్రము పిల్లలను తీసికొనిపోరాదు. మందు డబ్బాలు వారి చేతికి అందరాదు. ఇది చూచి నేర్చుకొను వేళయే గాని కలుపు తీయించు వేళ కాదని మరువకుడు.

మూడవది, తీరము. జనవరి మొదలు మార్చి వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్ళు మన శ్రీకాకుళం తీరపు ఇసుకలో గుడ్లు పెట్టును. ఒక్కొక్క గూటిలో ఇంచుమించు నూరు గుడ్లుండును. నలుబదియైదు మొదలు అరువది దినములలో అవి పిల్లలగును. ఇసుక వేడి ఎక్కువైన ఆడవి, తక్కువైన మగవి ఎక్కువగా పుట్టును. అటవీశాఖవారి పొదుగు కేంద్రమున్నచోట వారి అనుమతితో, వారి సమక్షమున మాత్రమే చూపవలెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద ఈ జాతికి పూర్తి రక్షణ ఉన్నది గనుక తాకరాదు, గుడ్లు తీయరాదు. పిల్లలను నీటి అంచునకు పోనీయకుడు.

నాలుగవది, టెక్కలి మండలములోని తేలినీలాపురము. అచ్చటి చెట్లపై గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కట్టును. వీటిని సైబీరియా పక్షులని జనులందురు గాని ఈ రెండు జాతులును మన దక్షిణాసియావే. ఏ చట్టమును అడుగక ముందే ఆ ఊరివారు వీటిని తమ ఆడబిడ్డలవలె కాచుకొనిరి. ఆ కాపుదల పుస్తకము చదివి వచ్చినది కాదు. పసితనమున పెద్దలతో చెట్టుక్రింద నిలిచి చూచుటవలన వచ్చినది. చూడని తరము కాపాడునని ఆశించుట కల్ల.

ఇది అత్యవసరమని ఎందుకు చెప్పుచున్నాననగా, మన తీరము మారుచున్నది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానపు కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చినది. 2023 ఏప్రిలులో మూలపేట ఓడరేవునకు శంకుస్థాపన జరిగినది. పని వచ్చును, బాటలు వచ్చును. ఏ చెట్టు ఉంచవలెను, ఏ నేల ఉప్పు పాలుగాక కాపాడవలెను అని రేపు తేల్చవలసినవారు నేటి ఈ పిల్లలే. ఎరుగనిదానిని విలువకట్టుట ఎవరి వల్లనూ కాదు.

కావున ప్రతి జట్టుచేతను ఈ తొలకరికే ఒక మొక్క నాటించుడు. సరుగుడు గాని, జీడి గాని, వేప గాని కావచ్చును. ఏటేటా దీపావళినాడు దాని ఎత్తునకు ఒక దారము కత్తిరించి, పిల్లవాని ఎత్తు దారముతో ప్రక్కప్రక్కన కట్టి దూలమునకు వ్రేలాడదీయుడు. తెల్లకాగితముపై వ్రాసిన లెక్కకంటె ఆ రెండు దారములే వారికి గుర్తుండును.

రాత్రి అన్నము దగ్గర "ఈ దినము ఏమి చదివితివి?" అనుటతోపాటు "ఈ దినము ఏమి చూచితివి?" అనియు అడుగుడు. జవాబు వచ్చినంతకాలము మీ పొలమునకు వారసుడున్నట్లే.