నాటకశాల నుండి రచ్చబండకు



సంగీతము నేర్చినవాడు అలవడిన బాణి విడిచి పల్లెబాణి పట్టినచో "దిగజారినాడు" అనుట లోకమున వాడుక. ఆ మాటలోని నిజానిజములు తేల్చుటకు గుంటూరు సీమకు చెందిన షేక్ నాజరు చరిత్రకంటె మంచి సాక్ష్యము లేదు.

పొన్నెకల్లు గ్రామమున 1920లో బీద దూదేకుల యింట నాజరు జన్మించెను. శాస్త్రీయ సంగీతము నభ్యసించి, నాటకములలో స్త్రీపాత్రలు ధరించి పేరు గడించెను. ఆనాటి పద్యనాటకము పెద్దలకు విదితమే: హార్మోనియము శ్రుతి, పద్యాంతమున తెగని రాగము, "వన్సుమోర్" కేకలు. అట్టి రంగస్థలమునెరిగినవాడు 1940 దశకమున ప్రజానాట్యమండలిలో చేరి తంబుర భుజమున కెత్తుకొనెను.

అంతకు మున్ను ఆ కథ జంగములది. కథకుడు తంబుర మీటుచు, వ్రేలి అందెలు గల్లుమనిపించుచు కథ నడుపగా, ఇరుప్రక్కల వంతలు గుమ్మెటలు మ్రోయించి "తందాన" యని అందుకొందురు. తరచు కథకుని ఇల్లాలే వంత. గుమ్మెట చర్మము బిగియుటకై ముందుగా నిప్పుసెగ చూపుదురు. కళ్లములు నిండిన దినములలో ఇట్టి కథకు ఆదరమెక్కువ. నాటకమునకు టిక్కెట్టు, జంగము కథకు చేటెడు గింజలు. గౌరవమునందలి భేదమంతయు ఆ లెక్కలోనే కలదు.

నాజరు తాను నేర్చిన రాగములను పారవైచి రాలేదు. శోకఘట్టమున రాగమును నిలిపి, యుద్ధఘట్టమున అడుగు ముందుకు, వెనుకకు వేయుచు నడక పెంచెను. వంతలలో నొకరు హాస్యము, మరియొకరు రాజకీయము చెప్పుచుండిరి. పల్నాటి యుద్ధము, బొబ్బిలి యుద్ధము పాత కథలే. వాని సరసన 1943 నాటి బెంగాలు కరవును నిలిపెను. కూడు లేని వాని కథ కూడ వీరగాథ నడకలో చెప్పవచ్చునని అప్పుడు తెలిసినది. పాలకులు జడిసి బుర్రకథను నిషేధించిరన్న, ఆ తంబుర బలమెంతటిదో ఊహింపవచ్చును.

ఇది తెలుగునాట క్రొత్త త్రోవ కాదు. 13వ శతాబ్దమున పాల్కురికి సోమనాథుడు సంస్కృతమునందు దిట్ట యయ్యును జాను తెనుగును, దేశి ద్విపదను వరించెను. తుమ్మెద పదములను, వెన్నెల పదములను పేర్కొన్నవాడతడే. శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన పల్నాటి వీరచరిత్రయు ద్విపదయే గదా! అమెరికాలో విద్యుద్గిటారులతో ఖ్యాతి గాంచిన బర్డ్స్ అను బృందము సయితము 1968లో తమ దేశపు పల్లెబాణీలతో నొక గ్రామఫోను రికార్డు వెలువరించినది. వారి పాత అభిమానులు కొందరు ముఖము చిట్లించిరి. మెచ్చనివారెచ్చటనైనను నుందురు.

అయినను ఒక లోటు చెప్పక తప్పదు. 1954లో "అగ్గిరాముడు" చిత్రమున నాజరు అల్లూరి సీతారామరాజు కథ చెప్పగా, ఊళ్లకు ఊళ్లు వినెను. 1986లో పద్మశ్రీ వచ్చెను. ఆయన 1997లో గతించెను. జీవితకథ "పింజారి" యను పేర అచ్చయినది. ఈ గౌరవము రూపమునకు దక్కినది గాని, ఆ రూపమును తరతరములు మోసిన జంగములకు దక్కినది స్వల్పము. చంటిబిడ్డను ప్రక్కన పరుండబెట్టి గుమ్మెట వాయించిన ఆ ఇల్లాండ్ర పేర్లు చాలమట్టుకు ఏ పద్దునకు నెక్కలేదు.