మొగ వద్ద తొందర తగదు

(కాశిబుగ్గలో గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



సముద్రము కనుచూపుమేరలో లేని కాశిబుగ్గలో నిలిచి, నది సముద్రమున కలియు చోట తెరచాప పడవ దాటుటయందలి అపాయములను గూర్చి మాటలాడబూనుట మీలో కొందరికి వింతగా తోచవచ్చును. బుగ్గ యనగా ఊట. ఊటలు, వాగులు, చెరువులు మనకు చిన్ననాటినుండి తెలిసినవి. కెరటము మాత్రము తెలిసినది కాదు. ఆ తెలియమియే నేటి మా ప్రసంగమునకు కారణము.

2019 సెప్టెంబరు 15వ తేదీని మీరు మరచియుండరు. కాజీపేట సమీపమునందలి కడిపికొండనుండి పదునలుగురు పాపికొండల యాత్రకు బయలుదేరిరి. దేవీపట్నం మండలము కచ్చులూరు వద్ద వారెక్కిన పడవ గోదావరిలో మునిగినది. ఆనాడు నదిలో సుమారు ఐదు లక్షల క్యూసెక్కుల వరద పారుచుండెను. కడిపికొండవారిలో ఐదుగురే ప్రాణములతో తిరిగివచ్చిరి. ఆ ప్రమాదము కొండల నడుమ జరిగినది, నదీముఖమున కాదు. ఆ పడవకు తెరచాపయు లేదు. అయినను రెండుచోట్లను నేర్చుకొనవలసిన పాఠమొక్కటియే. నీటిలో దిగిన పిమ్మట మనిషి చేయగలది స్వల్పము. రేవు విడువక ముందు చేయగలది అధికము.

ఈ విషయమున ఓరుగల్లునకు పూర్వసంబంధము కలదు. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244వ సంవత్సర ప్రాంతమున మోటుపల్లి రేవులో అభయశాసనమును వేయించెను. తుపానునకు చిక్కి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరుకును పూర్వపు రాజులు బలాత్కారముగా గైకొనుచుండిరి. గణపతిదేవుడు ఆ ఆచారమును మాన్పించి, నిర్ణీతమైన సుంకము తప్ప మరేమియు తీసికొనమని వర్తకులకు అభయమిచ్చెను. సముద్రయానమున ఎంత అపాయమున్నదో ఆ శాసనమే చెప్పుచున్నది. సముద్రమునకు దూరముగా కోటలో నున్న పాలకుడు రేవులోని వారి క్షేమమును తన బాధ్యతగా భావించెను. నేడు ఆ బాధ్యతలో కొంత భాగము మీది.

ఇక నదీముఖమును గూర్చి చెప్పెదము. తీరవాసులు దీనిని ‘మొగ’ యందురు. నది వేగముగా ప్రవహించునంతవరకు ఇసుకను మోసికొనివచ్చును. సముద్రము తగులగానే వేగము తగ్గి, ఆ ఇసుక క్రిందికి దిగును. ఆవలినుండి కెరటములు ఆ ఇసుకనే వెనుకకు నెట్టును. ఈ రెండు బలముల నడుమ మొగకు అడ్డముగా నీటి క్రింద ఇసుక గట్టు ఏర్పడును. అంతర్వేదివద్ద వశిష్ఠా గోదావరి సముద్రమున కలియు చోటును ప్రజలు ‘అన్నాచెల్లెళ్ళ గట్టు’ అని పిలుచుచున్నారు. ఒకప్పుడు పేరుపొందిన కోరంగి రేవు ఇట్టి ఇసుక మేటలవలన పూడిపోయినది. 1789, 1839 సంవత్సరముల తుపానులును దానిని దెబ్బతీసినవి. కాకినాడ ఆ స్థానమును పొందినది.

లోతైన సముద్రమున కెరటము పడవను ఎత్తి దించి సాగిపోవును. గట్టు మీదికి వచ్చుసరికి అడుగుభాగమునకు ఇసుక తగిలి, వేగము మందగించి, కెరటము నిట్టనిలువుగా లేచి విరిగిపడును. ఒక మీటరు ఎత్తుగల కెరటము సుమారు ఒకటింబావు మీటరు లోతున విరుగును. రెండు కెరటముల నడుమ పల్లమునకు దిగిన పడవ అడుగు ఇసుకను తాకవచ్చును. తాకిన పడవ కదలదు. అప్పుడు తరువాతి కెరటము దాని మీదనే విరుగును.

ఇందు మరియొక మోసము కలదు. సముద్రమునుండి చూచువానికి కెరటముల వీపులు మాత్రమే కనబడును, వాటి ముఖములు కనబడవు. నున్నగా తోచిన నీరు దగ్గరకు పోయినగాని తన స్వరూపము చూపదు. అప్పటికి పడవను వెనుకకు త్రిప్పుటకు చోటుండదు.

పోటుపాటుల సంగతి అన్నిటికంటె ముఖ్యము. సముద్రము సుమారు ఆరు గంటలు పొంగును, ఆరు గంటలు తీయును. పొంగుట పోటు, తీయుట పాటు. పోటు సమయమున నీరును, కెరటమును ఒకే దిక్కునకు సాగును. గట్టు మీద లోతు పెరుగును. పాటు సమయమున నది నీరును, సముద్రపు నీరును కలిసి బయటికి పరుగెత్తుచుండగా కెరటములు ఎదురువచ్చును. అప్పుడవి ఒకదానికొకటి దగ్గరై, పొట్టివై, నిటారుగా లేచును. మధ్యాహ్నపు సముద్రపు గాలియు తోడైనచో మొగయంతయు నురుగై కనబడును.

అమావాస్యకును, పౌర్ణమికిని పోటుపాటులు మిక్కిలి బలముగా నుండును. కాకినాడ తీరమున ఆ దినములలో నీటిమట్టము సుమారు ఒకటిన్నర మీటరు మారును. మాఘ పౌర్ణమినాడు అంతర్వేదిలో సముద్రస్నానమునకు జనము వేలకొలది చేరుదురు. అనగా యాత్రికులు ఎక్కువగా వచ్చు దినమే పాటు వడి ఎక్కువగా నుండు దినము. ఈ ఒక్క విషయము తెలిసినను మన గ్రామములనుండి పోవు యాత్రికులు జాగ్రత్తపడుదురు.

తెరచాప పడవకు ప్రత్యేకమైన చిక్కులు కలవు. దానిని నడుపునది గాలి యొక్కటియే. ఎదురుగాలిలో బయటికి పోవలెనన్న అటునిటు వంకరగా సాగవలెను. మొగలోని లోతైన దారి ఇరుకు. వంకరగా సాగుటకు చోటు చాలదు. ఎత్తైన కెరటముల నడుమ పల్లములో చిన్న తెరచాపకు గాలి తప్పును. తిరిగివచ్చునప్పుడు అపాయము వేరు విధముగా నుండును. వెనుకనుండి వచ్చు కెరటము పడవ వెనుకభాగమును ఎత్తగా చుక్కాని పట్టు తప్పును. ముందుభాగము నీటిలో గ్రుచ్చుకొనును. పడవ అడ్డముగా తిరుగును. అడ్డముగా తిరిగిన పడవను తరువాతి కెరటము బోర్లించును.

మత్స్యకారులు ఈ అపాయమును తరతరములుగా ఎరుగుదురు. పూర్వము వారు తెల్లవారుజామున నేలగాలితో బయలుదేరి, మధ్యాహ్నము సముద్రపు గాలితో తిరిగి వచ్చెడివారు. కోరమాండల్ తీరమున మసూలా పడవల పలకలను మేకులతో బిగింపక కొబ్బరినార త్రాళ్ళతో కుట్టెడివారు. కెరటము కొట్టినపుడు పలకలు పగులక వంగుటకే ఈ ఏర్పాటు. మొగ ముందు సరంగు పడవను ఆపి కెరటములను పరిశీలించును. పెద్ద కెరటములు గుంపులుగా వచ్చును. గుంపు దాటిన పిదప కొంత నెమ్మది కలుగును. అప్పుడు పెద్ద కెరటము వీపు వెంట లోనికి వచ్చును. పడవ అడ్డము తిరుగకుండ వెనుకనుండి మోకు విడుచుటయు కలదు. ప్రతి వరదకును ఇసుక కదలును గావున, నిరుటి దారిని ఈ యేడు నమ్మరాదు.

నేడు తెరచాపకు బదులు చాల పడవలకు ఇంజన్లు వచ్చినవి. మొగ మాత్రము మారలేదు. గట్టు మీద ఇంజను ఆగినచో ఆ పడవ తెరచాప లేని పడవకంటె మేలు కాదు.

ఇంత నేర్పుగల సరంగును కూడ చెరచునది తొందర. చేపలు చెడునని, సంత దాటునని, రేవులో యాత్రికులు గోల చేయుచున్నారని అతడు పాటులో బయలుదేరును. యాత్రికులు గోల చేయకుండుట మన చేతిలోని పని. సరంగు ‘ఇప్పుడు కాదు’ అన్నచో అది పిరికితనము కాదనియు, విద్యయనియు మన గ్రామస్థులకు తెలుపుడు.

మీ గ్రామమునుండి యాత్రికులు బయలుదేరునపుడు నాలుగు మాటలు చెప్పి పంపుడు. ఎవరెవరు పోవుచున్నారో పేర్ల పట్టికను పంచాయతీ కార్యాలయమున ఉంచుడు. పరిమితికి మించి జనమెక్కిన పడవను విడిచిపెట్టుమనుడు. ప్రాణరక్షక చొక్కాను ప్రక్కన పెట్టక, ఉక్కపోసినను దిగువరకు ధరించియే యుండుమనుడు. వరద దినములందును, ప్రొద్దు గ్రుంకిన పిదపను నీటి ప్రయాణము వలదనుడు. ఏటూరునాగారము, మంగపేట, కాళేశ్వరము ప్రాంతములవారు తమ రేవులలోనే ఈ నియమములను అమలుజరుపవచ్చును. పన్నెండేండ్ల కొకసారి వచ్చు గోదావరి పుష్కరములలో వీటి అవసరము మరింత హెచ్చు.

కచ్చులూరు ఘటనలో ఇరువదియారుగురు బ్రతికిరి. వారిలో పలువురిని ఒడ్డు చేర్చినవారు తూటుగుంట గ్రామస్థులు. పడవ మునుగుట చూచి, ఎవరి ఆజ్ఞకును ఎదురుచూడక, వారు తమ నాటుపడవలతో వరదలోనికి దిగిరి. గ్రామము మేల్కొనియున్నచో ఎంత మేలు చేయగలదో వారు చూపిరి. అయితే అట్టి సాహసమునకు అవసరమే రాకుండ చూచుట మన పని. కడిపికొండనుండి బయలుదేరిన పదునలుగురును ఒక్క పూట ఆలస్యముగానైనను ఇంటికి వచ్చియుండిన ఎంత బాగుండెడిదో తలంచుకొనుడు. ఈ మాట మీ గ్రామసభలో చెప్పుడని కోరుచు సెలవు తీసికొనుచున్నాము.